బస్తా ఎత్తే ముందు

విశాఖ పూర్ణా మార్కెట్‌లో తెల్లవారుజామున లారీల నుంచి బస్తాలు దించేవారిని చూసినప్పుడల్లా నా కళ్లు వాళ్ల నడుము మీదికే పోతాయి. నడుము పట్టేయడానికి బరువొక్కటే కారణం కాదు. బరువుతో మెలితిరగడం కూడా. పక్కకు తిరగాలంటే నడుమును కాదు, పాదాలను తిప్పండి. బస్తాను పొట్టకు ఆనించి పట్టుకోండి. చేతులు చాచి పట్టుకుంటే అదే బరువు వెన్నుకు ఎన్నో రెట్లవుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో అన్నీ అనుకూలంగా ఉంటేనే పరిమితి 23 కిలోలు. మన సిమెంటు బస్తా 50! రెండో మనిషిని పిలవండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక హార్బరులో గంటల తరబడి రొయ్యలు ఒలిచే అక్కలకు ఒక మాట: మధ్యమధ్యలో పని మార్చుకోండి. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే వెంటనే డాక్టరుకు చూపించండి.