రెండు ఊళ్ల మధ్య ఆకాశదూరం – 4వ పాఠం: టికెట్ మీద ఉండేది ఏ ఊరి టైము?

పోయిన పాఠం చివర హైదరాబాద్–దుబాయ్ లెక్క ఇచ్చాను: అక్షాంశ రేఖాంశాలను బట్టి దూరం, దాన్నిబట్టి ప్రయాణ సమయం కట్టమని. జవాబులు చూశాక, ఇవాళ మొదలుపెట్టాల్సిన అమెరికా దారులను వాయిదా వేస్తున్నాను.

2,700 కి.మీ. అని రాసినవాళ్లు కొసైన్ (ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడేదాన్ని లెక్కలోకి తెచ్చే గుణకం) మరిచిపోయారు. అక్షాంశాల తేడా 8.1 డిగ్రీలు, డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 899 కి.మీ. రేఖాంశాల తేడా 23 డిగ్రీలు. దీన్ని 111తో గుణించి ఊరుకోకూడదు. రెండు ఊళ్ల నడిమి అక్షాంశం 21 కాబట్టి, దాని కొసైన్ 0.93తో మళ్లీ గుణించాలి. 2,374 వస్తుంది. వర్గాలు కలిపి మూలం తీస్తే సుమారు 2,540 కి.మీ. ఇది సరిపోయింది.

టైముకి నా పద్ధతి తెలిసిందే. గంటకు 800 కి.మీ. చొప్పున భాగించి, విమానం రన్‌వే దాకా నడవడానికీ పైకి లేవడానికీ కిందికి దిగడానికీ అరగంట కలపడం. 800తో భాగించడమంటే వేల కిలోమీటర్లను పావు వంతు పెంచడమే: 2.54ని పెంచితే 3.17 గంటలు. అరగంటతో కలిపి 3 గంటల 40 నిమిషాలు.

ఇక్కడే చాలామంది అడ్డం తిరిగారు. "పొద్దున 10కి బయలుదేరి 12:20కి దిగుతుందని టికెట్‌లో ఉంది, రెండు గంటల ఇరవై నిమిషాలే కదా, సూత్రం తప్పు" అన్నారు. సూత్రం తప్పు కాదు. 10 మన టైము, 12:20 దుబాయ్ టైము. టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైము ఆ ఊరిదే. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. అక్కడ 12:20 అయినప్పుడు ఇక్కడ 1:50. ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. తిరుగు విమానం రాత్రి 10కి అక్కడ లేచి తెల్లవారుజామున 3కి ఇక్కడ దిగితే అయిదు గంటలని రాయకండి. అక్కడి 10 అంటే ఇక్కడ 11:30. పట్టింది మూడున్నర గంటలే. ముందు రెండింటినీ ఒకే ఊరి టైములోకి మార్చండి, ఆ తర్వాతే తీసివేత. గ్రీనిచ్ టైములోకి మార్చినా తప్పులేదు గానీ, నేను మన టైములోనే చేస్తాను. తేదీ మారితే వెంటనే తెలుస్తుంది.

ఇంకో దగ్గరి దారి: టికెట్ల ప్రకారం వెళ్లేటప్పుడు 2:20, వచ్చేటప్పుడు 5:00. కలిపితే 7:20, సగం 3:40. టైము తేడా ఒకవైపు తగ్గించినదాన్ని రెండోవైపు కలిపేస్తుంది. సూత్రాన్ని సరిచూసుకోవడానికి నాకు ఇదే ఇష్టం.

మరి వెళ్లడానికి ఇరవై నిమిషాలు ఎందుకు ఎక్కువ? విమానాలెగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి వల్ల. ఉత్తర భారతం మీద చలికాలంలో అది మరీ జోరు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా నడిపింది. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగి సుమారు 15,300 కి.మీ. అయినా, వెనకనుంచి తోసే గాలి వల్ల పద్నాలుగున్నర గంటల్లో చేరింది. అంత దూరాలకు మన కొసైన్ పద్ధతి పనికిరాదు. మూడు నాలుగు వేల కిలోమీటర్ల లోపే వాడండి.

అభ్యాసం: విశాఖపట్నం (17.7 ఉత్తరం, 83.2 తూర్పు) నుంచి సింగపూర్‌కు (1.4 ఉత్తరం, 104 తూర్పు) దూరం కట్టండి. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. రాత్రి 11కి విశాఖలో లేచిన విమానం అక్కడ ఏ తేదీన, ఎన్నింటికి దిగుతుంది? తర్వాత హైదరాబాద్–లండన్, సుమారు 7,750 కి.మీ.: లండన్ మనకు చలికాలంలో అయిదున్నర గంటలు, ఎండాకాలంలో నాలుగున్నర గంటలు వెనక. జనవరికీ జులైకీ రానుపోను నాలుగు టికెట్ల టైములూ మీరే తయారుచేసి, సగటు పద్ధతితో సరిచూసి పంపండి.