చెన్నైలో విగ్రహాలతో, బిందెలతో ఫోటో దిగడం ఎలా

మనుషులతో కంటే వస్తువులతో ఫోటో దిగడమే నాకిష్టం, పోస్ట్ డబ్బా అయినా సరే షాపు ముందు చీర కట్టుకున్న బొమ్మ అయినా సరే, కనబడితే వెళ్ళి నిలబడాల్సిందే. చెన్నైలో ఉండేవాళ్ళకి ఈ అలవాటు భలే కుదురుతుంది, ఎటెళ్ళినా ఏదో ఒక విగ్రహం తగుల్తుంది కదా.

ఫోన్ తీసేముందు ఆ వస్తువుని కాసేపు చూడండి, అసలు పనంతా ఇదే. ఎటు చూస్తోంది, చెయ్యెక్కడ పెట్టింది, బరువు ఏ కాలి మీద వేసింది. మన పోజు దానికి జవాబులా ఉండాలి. పక్కన నిలబడి రెండు వేళ్ళు చూపిస్తే దాన్ని వెనకాల గోడలా వాడుకున్నట్టే.

మెరీనాలో శ్రామిక విజయం విగ్రహం ఉంది చూడండి, దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసింది, 1959లో పెట్టారు. నలుగురు కలిసి పెద్ద బండని కదిలిస్తుంటారు. మీరు ఐదో మనిషి అవ్వాలి. ఆ నడుములు ఎలా వంగాయో చూసి మీరూ అంతే వంగండి, వెనక కాలు బాగా వెనక్కి పెట్టి మడమ లేపండి, పళ్ళు బిగించండి, నవ్వితే బరువు పోతుంది. దిమ్మె మాత్రం ఎక్కొద్దు, అది మర్యాద కాదు. మీరు కిందే ముందుకి నిలబడి, ఫోటో తీసేవాళ్ళని నేల మీద కూర్చోబెడితే చాలు, మీరూ ఆ విగ్రహంలోని నలుగురూ ఒకే వరసలోకి వస్తారు. పోర్ట్రెయిట్ మోడ్ ఆపెయ్యండి, లేకపోతే వెనకున్న విగ్రహం మసకైపోతుంది. ఆకాశం తెల్లగా ఉంటే కంచు బొమ్మ నల్లటి ముద్దలా వస్తుంది, స్క్రీన్ మీద విగ్రహాన్ని నొక్కి వెలుతురు కొంచెం పెంచండి. పొద్దున సముద్రం వైపు నుంచి ఎండ, సాయంత్రం రోడ్డు వైపు నుంచి, మీకు విగ్రహం మొహం కావాలో నీడ కావాలో దాన్నిబట్టి టైమ్ చూసుకోండి.

మన తెలుగువాళ్ళు వదలకూడనిది ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గరున్న థామస్ మన్రో. మన దత్తమండలాలకి కలెక్టర్‌గా చేసినాయన, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. విగ్రహం 1839 నాటిది, గుర్రానికి జీనూ లేదు, కాళ్ళు పెట్టుకునే రికాబులూ లేవు. అందుకే నా పోజు ఏంటంటే రెండు చేతుల వేళ్ళు కలిపి దోసిలి పట్టి ఆయన కాలు పెట్టుకోడానికి ఆసరా ఇస్తున్నట్టు నిలబడతాను. విగ్రహం చాలా ఎత్తులో ఉంటుంది కాబట్టి మీరు ఫోన్‌కి దగ్గరగా ఉండాలి, తీసేవాళ్ళు కింద నుంచి చూస్తూ మిమ్మల్ని అంగుళం అంగుళం జరిపి అరచేతులు సరిగ్గా పాదం కిందికి తేవాలి. ఫుట్‌పాత్ మీద నుంచే తియ్యండి, అక్కడ బండ్లు ఆగవు.

బిందెలైతే ఇంకా ముచ్చట. వీధిలో నీళ్ళ లారీ కోసం రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరసగా కూర్చుని ఉంటాయి కదా, ఒక్కో బిందె ఒక్కో ఇంటి మనిషన్నమాట. ముందు అక్కడున్న వాళ్ళని అడగండి, "అక్కా, ఒరు ఫోటో ఎడుత్తుక్కలామా" (ఒక ఫోటో తీసుకోవచ్చా) అని తమిళంలో అంటే ఎవరూ కాదనరు. వరస చివర గొంతుకూర్చుని మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని లారీ వచ్చే వైపే చూడండి. ఒక్క బిందెని కూడా జరపొద్దు, అది వాళ్ళ వంతు, జరిపితే గొడవైపోతుంది. లారీ వచ్చిందా, లేచి పక్కకి తప్పుకోవాలి, అప్పుడు ఫోటో మాటే ఎత్తకూడదు.

టీ నగర్ బట్టల షాపు బొమ్మలకి పొద్దున షాపు తెరిచిన వెంటనే వెళ్ళండి, సేల్స్ వాళ్ళకి తీరిక ఉంటుంది, అడిగితే ఒప్పుకుంటారు. వాటి చూపు మన తల మీదుగా ఎటో పోతుంది, మీరూ అటే చూడండి, వేళ్ళు కొంచెం విడదీసి ఊపిరి బిగబట్టండి. అద్దం బయట నుంచి తీస్తుంటే లెన్స్‌ని అద్దానికి ఆనించేస్తే రోడ్డు నీడలు పడవు.