ఒక్కరోజు సైకిల్ రేసు విజేతను అంచనా వేయడం – మూడో పాఠం: మిలాన్–సాన్ రెమో

మొదటి రెండు పాఠాల్లో జట్టులో ఎవరి బాధ్యత ఏమిటో, దారి తాలూకు ఎత్తుపల్లాల పటాన్ని ఎలా చదవాలో తెలుసుకున్నాం. ఈ పాఠంలో అసలు పనికి దిగుతాం. ఒక రేసును ఎంచుకుని, దానికి ముందు రోజు సాయంత్రమే, ఏ రైడరుకు గెలిచే అవకాశం నూటికి ఎంత ఉందో అంకెల్లో రాసిపెట్టడం ఆ పని. ఇందుకోసం నేను ఎంచుకున్నది ఇటలీలో ఏటా మార్చి నెలలో జరిగే మిలాన్–సాన్ రెమో. 1907లో మొదలైన ఈ రేసు దూరం దాదాపు 290 కిలోమీటర్లు కావడంతో, ప్రొఫెషనల్ సైక్లింగులోని ఒక్కరోజు రేసులన్నిటిలోనూ ఇదే పొడవైనది. అంచనా వేసేవారిని ఇంతగా తిప్పలు పెట్టే పెద్ద రేసు నాకు తెలిసి మరొకటి లేదు, నేర్చుకోవడానికి దీన్ని ముందుకు తేవడానికి కారణం కూడా అదే.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 2011 నుంచి 2025 వరకు ఈ రేసు 15 సార్లు జరిగితే 14 మంది వేర్వేరు రైడర్లు గెలిచారు. రెండుసార్లు గెలిచినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన మాథ్యూ వాన్ డెర్ పూల్ ఒక్కడే. అదే ఇటలీలో శరదృతువులో జరిగే లొంబార్దియా రేసును 2021 నుంచి 2025 వరకు వరుసగా ఐదేళ్లూ స్లొవేనియా రైడరు తదేయ్ పొగాచార్ ఒక్కడే గెలుచుకున్నాడు. ఒకే తరం రైడర్లు, ఒకే స్థాయి జట్లు, అయినా ఒకచోట ఫలితం ముందే రాసిపెట్టినట్లుంది, మరోచోట దాదాపు ఏటా కొత్త పేరు వినిపిస్తోంది. ఈ తేడాకు మూలం రైడర్లలో లేదు, దారిలో ఉంది.

లొంబార్దియాలో పొడవైన, నిటారైన కొండలు ఉంటాయి. సాన్ రెమో దారిలో మొదటి 230 కిలోమీటర్లు, మధ్యలో వచ్చే తుర్కీనో కనుమతో సహా, కాళ్లను అలసట పెట్టడమే తప్ప విజేతను తేల్చవు. లిగూరియా సముద్రతీరం వెంట మెలే, చెర్వో, బెర్తా అనే మూడు కొండకొమ్ములు దాటాక 1982లో దారిలో చేర్చిన చిప్రెస్సా వస్తుంది. అది 5.6 కిలోమీటర్ల పొడవు, సగటున 4 శాతం వాలు ఉన్న ఎక్కుడు. దాని తర్వాత దాదాపు 9 కిలోమీటర్ల చదును దారి, ఆపైన 1960లో చేర్చిన పొజ్జో. పొజ్జో పొడవు 3.7 కిలోమీటర్లు, సగటు వాలు 4 శాతానికి కాస్త తక్కువ, అత్యధికంగా 8 శాతం. శిఖరం నుంచి గమ్యం ఉన్న వయా రోమా వీధికి ఐదున్నర కిలోమీటర్లే. ఆ ఐదున్నరలో మొదటి మూడు కిలోమీటర్లకు పైగా వంపులు తిరిగే ఇరుకు దిగుడు, మిగిలింది చదును.

ఈ 4 శాతం అన్న సంఖ్య మీద కాస్త ఆగుదాం, ఎందుకంటే రేసు స్వభావమంతా అందులోనే ఉంది. రైడరు, సైకిలు కలిసి 75 కిలోలు అనుకుని స్థూలంగా లెక్కవేస్తే, పొజ్జో మీద గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి గురుత్వాకర్షణను అధిగమించేందుకు సుమారు 270 వాట్లు, గాలిని చీల్చుకుని ముందుకు పోయేందుకు సుమారు 190 వాట్లు ఖర్చవుతాయి. అదే మనిషి 10 శాతం వాలున్న కొండను గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే గురుత్వాకర్షణకు సుమారు 410 వాట్లు పోతాయి, గాలికి పోయేది 30 వాట్ల పైచిలుకు మాత్రమే. అంటే నిటారు కొండ మీద ముందువాడి వెనక నక్కినా పెద్దగా ఒరిగేదేమీ లేదు, బలవంతుడు బలహీనుణ్ణి సులువుగా వదిలించుకుంటాడు. పొజ్జో మీద మాత్రం గాలిచాటున ఉన్నవాడికి గాలి భారం మూడో వంతు తగ్గినా 60 వాట్లకు పైగా ఆదా అవుతుంది. అందరికంటే బలవంతుడైన రైడరు దాడి చేసినా, అంటే ఒక్కసారిగా వేగం పెంచి విడిపోవాలని చూసినా, అతనికంటే కాస్త తక్కువ బలమున్నవాడు చక్రానికి అంటుకుని వచ్చేయగలడు. వచ్చినవాడికి స్ప్రింట్, అంటే గమ్యం ముందు చివరి కొన్ని వందల మీటర్లలో చూపే మెరుపు వేగం, బాగా ఉంటే, బలవంతుడు తన ప్రత్యర్థిని తానే గమ్యం దాకా మోసుకొచ్చినట్లవుతుంది. 2012లో స్విట్జర్లాండ్ రైడరు ఫాబియన్ కాన్సెల్లారాకు సరిగ్గా ఇదే జరిగింది. పొజ్జో దిగుడులోనూ, కింద చదునులోనూ పని దాదాపు అంతా అతనే చేశాడు, వెనకే కూర్చుని వచ్చిన ఆస్ట్రేలియా రైడరు సైమన్ గెరాన్స్ చివర్లో పక్కకు వచ్చి గెలిచాడు.

కాబట్టి ఈ పాఠంలో మీరు అలవరచుకోవలసిన పద్ధతి ఇది: ఎవరు గెలుస్తారు అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ముందు రేసు ఏ విధంగా తేలుతుంది అన్న ప్రశ్నకు జవాబు రాయాలి. ఒక్కో విధానానికి ఒక శాతం ఇవ్వాలి. ఆ తర్వాతే, ఆ విధానంలో రేసు తేలితే ఒక్కో రైడరుకు ఎంత అవకాశముందో రాయాలి. రెండింటినీ గుణించి, అన్ని విధానాల ఫలితాలనూ కూడితే ఆ రైడరు మొత్తం అవకాశం వస్తుంది.

విధానాల శాతాలను గాలిలోంచి తీయకూడదు, చరిత్ర నుంచి తీయాలి. 2014 నుంచి 2024 వరకు జరిగిన 11 రేసులను చూడండి. 2014, 2015, 2016లలో ఇరవై మందికి పైగా ఉన్న గుంపు కలిసి వచ్చి స్ప్రింట్ చేసింది. క్రిస్టాఫ్, డెగెన్‌కోల్బ్, డెమార్ గెలిచారు. 2019, 2024లలో సుమారు పది మంది ఉన్న చిన్న గుంపు స్ప్రింటుకు వచ్చింది. అలఫిలిప్, ఫిలిప్సెన్ గెలిచారు. 2017లో ముగ్గురు, 2020లో ఇద్దరు విడిపోయి తేల్చుకున్నారు; క్వియాత్కోవ్‌స్కీ, వాన్ ఆర్ట్ గెలిచారు. మిగిలిన నాలుగేళ్లలో, అంటే 2018, 2021, 2022, 2023లలో విజేత ఒంటరిగా వచ్చాడు.

ఈ నాలుగు ఒంటరి విజయాలూ ఒకే రకమైనవని అనుకుంటే పొరపాటే. 2018లో నీబలి, 2023లో వాన్ డెర్ పూల్ పొజ్జో ఎక్కుడు మీదే విడిపోయారు. 2021లో బెల్జియం రైడరు యాస్పర్ స్టూయ్‌వెన్ పొజ్జో దిగిన తర్వాత, ప్రధాన పోటీదారులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్న క్షణంలో చదును దారిలో దాడి చేశాడు. 2022లో స్లొవేనియా రైడరు మాటెయ్ మొహోరిచ్ దిగుడులో విడిపోయాడు. మౌంటెన్ బైకుల్లో వాడే, నడుస్తుండగానే సీటును కిందికి దించగలిగే పరికరాన్ని తన రోడ్డు సైకిలుకు ముందే బిగించుకుని వచ్చి, శరీరాన్ని నేలకు దగ్గరగా ఉంచి వంపులు తిరిగాడు. ఒకచోట రోడ్డు అంచుకు జారి, పడబోయి నిలదొక్కుకున్నాడు కూడా. ఎక్కుడులో బలం, దిగుడులో నేర్పు, చదునులో సమయం చూసి దెబ్బతీసే తెలివి వేర్వేరు మనుషుల దగ్గర ఉండే వేర్వేరు ఆస్తులు. అందువల్ల ఒంటరి విజయం అన్న గడిలో ఒకే పేరుకు పెద్ద శాతం రాయడం తెలివైన పని కాదు.

ఇక అరుదైన విధానాలు. ఉదయమే విడిపోయిన బృందంలోంచి విజేత రావడం 1982లో, మార్క్ గోమెజ్ గెలిచినప్పుడు చూశాం. చిప్రెస్సా మీద మొదలైన దాడి గమ్యం దాకా నిలవడం 1996లో, గాబ్రియేలే కొలంబో విషయంలో జరిగింది. ఆపైన 2024 వరకు మళ్లీ లేదు. ఇంత అరుదైనా వీటికి సున్నా ఇవ్వకూడదు. సున్నా అంటే అసాధ్యమని రాసి ఇచ్చినట్లే.

ఇప్పుడు 2025 మార్చి 21 సాయంత్రానికి వెళదాం. మర్నాడు రేసు. రెండు వారాల క్రితం పొగాచార్, మధ్యలో కింద పడి కూడా, స్ట్రాదె బియాంకె రేసు గెలిచాడు. సాన్ రెమోలో అతని గత మూడు స్థానాలు ఐదు, నాలుగు, మూడు. ఇటలీ రైడరు ఫిలిప్పో గన్నా తిర్రెనో–అద్రియాతికో రేసులో రెండో స్థానం తెచ్చుకుని మంచి ఊపు మీదున్నాడు. గత ఏడాది విజేత ఫిలిప్సెన్, అంతకుముందు ఏడాది విజేత వాన్ డెర్ పూల్ ఒకే జట్టులో ఉన్నారు. వాన్ ఆర్ట్ ఈసారి రావడం లేదు.

నా అంచనాలో గుంపు స్ప్రింటుకు 30 శాతం, పొజ్జో మీద విడిపోయిన ఇద్దరు ముగ్గురి మధ్య తేలడానికి 30, ఒంటరి విజయానికి 30, చిప్రెస్సా దాడి నిలవడానికి 8, మిగతా అన్నిటికీ కలిపి 2. పదకొండేళ్ల లెక్క ప్రకారం గుంపు స్ప్రింటుకు ఇంకా ఎక్కువ ఇవ్వాలి గానీ, 2017 తర్వాత పొజ్జోను ఎక్కే వేగం పెరిగి పెద్ద గుంపులు మిగలడం లేదు కనుక తగ్గించాను.

వాన్ డెర్ పూల్ దగ్గర మొదలుపెడదాం. గుంపు స్ప్రింటులో అతనికి 8 శాతం ఇస్తాను, అక్కడ అతను ఫిలిప్సెన్ కోసం పనిచేస్తాడు కాబట్టి. 2024లో చివరి దాడులను వెంటాడి పట్టింది అతనే. చిన్న బృందంలో 35, ఒంటరిగా 20, చిప్రెస్సా దాడిలో 30. గుణించి కూడితే 2.4, 10.5, 6, 2.4 కలిసి 21.3 శాతం. పొగాచార్‌కు అదే వరుసలో 2, 20, 25, 45 ఇస్తే మొత్తం 17.7 వస్తుంది. ఫిలిప్సెన్‌కు 30, 10, 1, 0 ఇస్తే 12.3. గన్నాకు 3, 8, 6, 5 ఇస్తే 5.5. నలుగురినీ కలిపితే 57 శాతం కూడా కాలేదు, తక్కిన 43 శాతం మిగతా అందరిదీ. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇష్టమైన రైడరుకు 50 శాతం రాసేస్తారు. ఈ రేసులో ఎవరికీ అంత అవకాశం ఉండదన్నది నా అభిప్రాయం. ఏడుసార్లు గెలిచిన ఎడ్డీ మెర్క్స్ కాలంలో ఉండేదేమో.

మర్నాడు జరిగింది తక్కువ శాతం ఇచ్చిన విధానమే. పొగాచార్ చిప్రెస్సా మీదే దాడి చేశాడు. వాన్ డెర్ పూల్, గన్నా మాత్రమే అతనితో నిలిచారు. పొజ్జో మీద పొగాచార్ పదేపదే ప్రయత్నించినా వాన్ డెర్ పూల్ వెనకబడలేదు సరికదా, తానే ఎదురుదాడి చేశాడు. వెనకబడిన గన్నా చదునులో మళ్లీ వచ్చి కలిశాడు. ముగ్గురి స్ప్రింటులో వాన్ డెర్ పూల్ మొదట, గన్నా రెండు, పొగాచార్ మూడు.

అయితే 8 శాతం తప్పా? పొగాచార్ జట్టు చిప్రెస్సా మీద వేగం పెంచి ప్రత్యర్థులను అలసిపోయేలా చేయాలని 2024లోనే ప్రయత్నించింది కాబట్టి, పాత చరిత్రలో లేని కొత్త కారణం ఒకటి కళ్లెదుటే ఉంది, దానికి ఇంకొంత విలువ ఇచ్చి ఉండవచ్చు. గుంపు స్ప్రింటును 23కు దించి, చిప్రెస్సా దాడిని 15కు పెంచి మళ్లీ లెక్కవేద్దాం. పొగాచార్ 17.7 నుంచి 20.7కు పెరుగుతాడు, ఫిలిప్సెన్ 12.3 నుంచి 10.2కు పడిపోతాడు, వాన్ డెర్ పూల్ 21.3 నుంచి 22.8కి మాత్రమే మారతాడు. విధానాల అంచనా కాస్త అటూ ఇటూ అయినా అతని అంకె పెద్దగా కదలకపోవడానికి కారణం, అతను ఏ విధానంలోనూ పోటీలోంచి పూర్తిగా తప్పుకోకపోవడమే. ఫిలిప్సెన్ లాంటి ఒకే విధానం మీద ఆధారపడిన రైడరు అంకెను రాసేటప్పుడు ఆ విధానం శాతాన్ని ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.

ఆఖరి సర్దుబాట్లు రేసు రోజు ఉదయం చేయాలి. గాలి దిశ వాటిలో ముఖ్యమైనది. చిప్రెస్సా, పొజ్జోల మధ్య తీరం వెంట ఎదురుగాలి వీస్తే ముందు విడిపోయిన ఇద్దరు ముగ్గురు త్వరగా అలసిపోతారు, వెనక గుంపు పట్టేస్తుంది. వెనక నుంచి వీస్తే గాలిచాటు విలువ తగ్గి దాడి చేసేవారికి లాభం. వాతావరణం మరీ విషమిస్తే మాత్రం పేరున్నవారందరికీ తలా కొంత కోసి, మిగతావారి వాటాకు చేర్చండి. 2013లో మంచు కురిసి, రైడర్లను బస్సుల్లో ఎక్కించి తుర్కీనో దాటించాల్సి వచ్చింది. ఆ రోజు సాగన్, కాన్సెల్లారాలను ఓడించి గెలిచింది ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోని జర్మన్ రైడరు గెరాల్డ్ చోలెక్.

పందెం సంస్థలు ప్రకటించే రేట్లను చూడవచ్చా అని అడిగేవారికి ఒక మాట. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ పందేలు నిషిద్ధం. ఈ పాఠాల ఉద్దేశం కూడా పందెం కాదు. అయితే రేట్లను మీ అంకెలతో పోల్చుకునే సమాచారంగా చదవవచ్చు. రేటు 4 అంటే 1ని 4తో భాగించిన 25 శాతం. అందరివీ కూడితే సంస్థ లాభం కలిసి ఉంటుంది కాబట్టి నూరు దాటుతుంది. ఒక్కో అంకెను ఆ మొత్తంతో భాగిస్తే అసలు శాతం దొరుకుతుంది.

అభ్యాసం: 2023 రేసుకు బరిలో దిగినవారి జాబితాను తీసుకుని, అప్పటి దాకా జరిగిన రేసుల ఫలితాలను మాత్రమే చూస్తూ, ఐదు విధానాలకు శాతాలు, ఆరుగురు రైడర్లకు విధానాల వారీగా శాతాలు రాయండి. ఫలితం ఈ పాఠంలోనే చదివేశారు కనుక వాన్ డెర్ పూల్ అంకెను చివరగా రాయండి, రాశాక దిద్దవద్దు. ఈ కాగితాన్ని దాచుకోండి, దానికి మార్కులు వేయడం నాలుగో పాఠంలో నేర్చుకుంటాం.