కొత్తవారికి లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఇచ్చే ముందు జాగ్రత్తలు

• ముందు వాళ్ల పాత ఫైళ్లు తెరిచి చూడండి. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్లు) టైప్ చేసినవి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేనిచోట తెలుగుకి బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాకే పాత సిస్టమ్ తీసేయండి. ఏది మరిచినా ఇది మరవొద్దు, ఏళ్ల కష్టం అందులో ఉంటుంది.

• మింట్‌లో వర్డ్‌కి బదులు వాడే లిబ్రేఆఫీస్ మామూలుగా ఓడీటీ అనే తన సొంత ఫైల్ రకంలో సేవ్ చేస్తుంది. అవతలివాళ్లు వర్డ్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో డాక్ఎక్స్‌కి (వర్డ్ ఫైల్ రకం) మార్చండి.

• ఒక్కో పనికి ఒక్క ప్రోగ్రామే ఉంచండి. ఇంటర్నెట్‌కి ఫైర్‌ఫాక్స్, పాటలకీ వీడియోలకీ వీఎల్‌సీ చాలు. మెనూలో మూడు ప్లేయర్లు కనిపిస్తే కొత్తవారికి టెన్షన్.

• ఇన్‌స్క్రిప్ట్ (కీలకి నేరుగా తెలుగు అక్షరాలు ఉండే కీబోర్డ్ అమరిక) అలవాటా, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొడతారా? అడిగి పెట్టండి. పక్కనే కూర్చుని "లక్ష్మి" అని కొట్టించండి, ఒత్తులు సరిగ్గా పడాలి.

• ప్రింటర్‌లో ఒక పేజీ తీయండి.