ఎండలు ముదరకముందే కారు ఆంప్లిఫయర్ మీద కప్పినవి తీసేయండి

మొన్న ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో ఒక కారు డిక్కీ నుంచి పొగ లేచింది. పిల్లలను ఎత్తుకుని అందరూ దిగిపోయారు, ఎవరికీ ఏమీ కాలేదు. చల్లారాక చూస్తే ఆంప్లిఫయర్ (పాట శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె, ఆంప్ అంటాం) మీద కార్పెట్, ఆ పైన బట్టల సంచులు. కార్పెట్ అడుగు కరిగి, అల్యూమినియం రెక్కల సందుల్లో నల్లగా పేరుకుపోయింది.

నీడలో నిలపమని, మోత తగ్గించమని అందరూ చెబుతారు. నేను చెప్పేది ఒకటే: ఆంప్‌ను కప్పకండి. కారు ఆడియో పనిలో నేను చూసిన కాలిన ఆంప్‌లలో ఎక్కువ భాగం కప్పినవే. ఆ రెక్కలు అందం కోసం కావు, లోపలి వేడిని గాలికి వదలడానికి. క్లాస్ ఏబీ అనే రకం ఆంప్ స్పీకర్లకు 300 వాట్లు ఇస్తుంటే దాదాపు 200 వాట్లు వేడిగా మారుతుంది. క్లాస్ డీ అనే రకంలో వేడి తక్కువే, కానీ లేకపోలేదు. డీ కదా అని సీటు కింద మ్యాట్‌తో కప్పేసినవీ కాలాయి. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల 50 డిగ్రీలు దాటుతుంది. పాట మొదలుకాకముందే ఆంప్ వేడెక్కి ఉంటుంది.

పాట మధ్యలో ఆగి, కాసేపటికి దానంతటదే వస్తోందా? బాగైందనుకోకండి. వేడి తట్టుకోలేక ఆంప్ తనను తాను ఆపుకుంటోంది.

మన ఉప్పుగాలికి ఎర్తు బోల్టు (ఆంప్ ఎర్తు వైరును కారు బాడీకి బిగించేది) తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన అతుకు వేడెక్కుతుంది. రంగు గీకి, ఇనుము మెరిసేలా చేసి బిగించండి, ఏటా విప్పి చూడండి.

వెనక షెల్ఫ్ అడుగున తలకిందులుగా బిగించకండి, పైకి లేచే వేడి మళ్లీ ఆంప్‌కే తగులుతుంది. రెక్కలు నిలువుగా ఉండాలి. చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. సబ్‌వూఫర్ (బాస్ స్పీకర్) పెట్టె మీద వద్దు, అదురుకు లోపలి అతుకులు ఊడతాయి. ఫ్యాను పెడితే వేడిగాలి బయటికి పోయే దారీ ఉండాలి. 4 ఓమ్‌ల స్పీకర్లకు చేసిన ఆంప్‌కు 2 ఓమ్‌ల స్పీకర్ లోడు తగిలించకండి. చల్లబడాలని ఆంప్ మీద తడిగుడ్డ వేయకండి. ఐసు పెట్టకండి. పవర్ వైరుకు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయండి, పెద్దది వేయకండి. అరకు ప్రయాణానికి డిక్కీ నిండా సామాను సర్దుతున్నారా? ఆంప్ ఫ్యూజు తీసేయండి. కప్పకండి, పట్టుచీరతో కూడా కప్పకండి. కాలిన వాసన వస్తే కారు పక్కకు ఆపి అందరూ దూరంగా వెళ్లండి. ఇంజిన్ ఆపినా ఆ పవర్ వైరులో కరెంటు ఉంటుంది.