బెంగళూరులో బ్రోకర్ లేకుండా చిన్న ఇల్లు

బెంగళూరులో వన్ బీహెచ్‌కే దొరకడం ఒక టెన్షన్ అయితే, బ్రోకర్‌కి ఒక నెల అద్దె ఇచ్చుకోవడం ఇంకో బాధ. కేఆర్ పురం, హూడి వైపు నేను వెతికిన పద్ధతి ఇది.

ఆదివారం ఉదయం 7 నుంచి 10 దాకా, మెట్రో స్టేషన్ చుట్టూ ఒక కిలోమీటరు లోపల సందులన్నీ నడవండి. చాలా ఇళ్లకి గేటు మీద టు-లెట్ బోర్డే ప్రకటన, ఆన్‌లైన్‌లో పెట్టరు. కన్నడ లిపి మన లిపికి దగ్గరే కాబట్టి ‘మనె బాడిగెగె ఇదె’ (ఇల్లు అద్దెకుంది) అన్న బోర్డు కూడబలుక్కుని చదివేయొచ్చు. ఇస్త్రీ బండి అతన్ని, పాల బూత్ అతన్ని తప్పకుండా అడగండి. ఎవరు ఖాళీ చేస్తున్నారో బోర్డు పెట్టకముందే వాళ్లకి తెలుస్తుంది. ‘మనె ఖాలి ఇదెయా అణ్ణా?’ అంటే చాలు. నాకు ఇల్లు చెప్పింది ఇస్త్రీ అన్నే. రెండో ఆదివారానికే దొరికింది.

ఇల్లు నచ్చితే పక్కింటివాళ్లని నీళ్ల సంగతి అడగండి: కుళాయిలో వచ్చే కావేరి నీళ్లా, బోరా, ట్యాంకరా? ఎండాకాలంలో ట్యాంకర్ డబ్బు ఎవరిదో అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

గేటెడ్ అపార్టుమెంట్లకి మాత్రం ఇది పనిచేయదు, సెక్యూరిటీ లోపలికి పంపరు. విడి ఇళ్లు, చిన్న బిల్డింగులున్న వీధులకే వెళ్లండి.