"తప్పు ఒప్పుకుంటారా?" అని జడ్జిగారు అడిగితే

మాది మదనపల్లె. బెంగళూరు నృపతుంగ రోడ్డు కోర్టుల్లో పదిహేనేళ్ళుగా ప్రాక్టీసు. మనవాళ్ళు ఇక్కడ దెబ్బతినేది ఎక్కువగా ఒక్క ప్రశ్న దగ్గరే. జడ్జిగారు కన్నడలో "తప్పు ఒప్పికొళ్తీరా?" అంటారు. తెలుగులాగే వినిపిస్తుంది కదా, తలూపేస్తారు.

మల్లేశ్వరంలో పార్కింగ్ గొడవ. ఒంగోలు కుర్రాడు ఎదుటివాడి చెంప మీద ఒకటిచ్చాడు. కేసు పడింది భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 115(2), అంటే కావాలని గాయపరచడం: ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. "సార్, ఫైన్ కట్టేసి పోతాను. మళ్ళీ లీవు దొరకదు" అన్నాడు. వరండాలోకి లాక్కెళ్ళి చెప్పాను: ఒప్పుకుంటే నువ్వు కట్టేది ఫైనే, కానీ కాగితం మీద పడేది దోషి అని. రేపు కంపెనీవాళ్ళు వెరిఫికేషన్‌లో అడిగితే ఏం రాస్తావు? పైగా ఒప్పుకున్నాక అప్పీలుకి వెళ్ళినా శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే వాదించగలం. నేను కొట్టలేదు అనడానికి అక్కడ చోటుండదు.

మరి ఏం చేశాం? ఈ సెక్షన్‌లో దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే రాజీ కుదురుతుంది. రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. రెండు వాయిదాలు, దర్శిని హోటల్లో నాలుగు కాఫీలు, ఒక క్షమాపణ. కేసు ముగిసింది.

ప్లీ బార్గెయినింగ్‌ని, అంటే తప్పు ఒప్పుకుని తక్కువ శిక్షకి కుదుర్చుకోవడాన్ని కూడా రాజీ అనుకుంటారు, కాదు. అందులో శిక్ష తగ్గుతుంది కానీ దోషి అనే ముద్ర పోదు. ఏడేళ్ళు మించి శిక్ష పడే నేరాలకీ, ఆడవాళ్ళ మీద జరిగిన నేరాలకీ అది లేదు. కేసులు ఎలా నడపాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి వచ్చింది; దాని ప్రకారం ఛార్జి (నేరారోపణ) ఖరారైన 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి.

"కాదు" అంటే అబద్ధమాడినట్టు కాదు. ఆరోపణని పోలీసులే రుజువు చేయాలి అని అడగడం, అంతే. ఏమీ మాట్లాడకపోయినా ఒప్పుకున్నట్టు కాదు, విచారణ నడుస్తుంది. వాయిదాలకి తిరగాల్సి వస్తుంది, అది మాత్రం నిజం.

ప్రశ్న అర్థం కాకపోతే సిగ్గుపడకండి. "ననగె అర్థ ఆగ్లిల్ల, తెలుగులో చెప్పించండి" అనండి. లాయరుతో మాట్లాడాలి, టైమివ్వండి అనండి. లాయరుకి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవా సంస్థవాళ్ళ నంబరది. కస్టడీలో ఉన్నవాళ్ళకీ, ఆడవాళ్ళకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు.